గ్యాస్ట్రో డాక్టరు దగ్గరకు మొదటిసారి వెళ్తున్నారా? ‘గ్యాస్’ అనే మాట పక్కన పెట్టి చెప్పండి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షుగరు ఉంది. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. ఏడాదిగా గ్యాస్ సమస్య. కడుపులో యాసిడు తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటే కొన్నాళ్లు బాగుంటుంది, తరువాత మళ్లీ మామూలే. ఈ మధ్య కాస్త సన్నబడ్డారు, షుగరు వల్లనేమో అనుకున్నాం. వచ్చే బుధవారం మొదటిసారి గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపిస్తున్నాను. ముందే ఎండోస్కోపీ (నోటి నుంచి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష), స్కానింగు చేయించుకుని రిపోర్టులతో వెళ్లాలా? ఇంకా ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

సమాధానం:

మీరు దాటుకుంటూ వెళ్లిపోయిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘కాస్త సన్నబడ్డారు’ అన్నారు. ముందు ఆ సంగతి తేల్చండి. ఈ రోజే నాన్నగారి బరువు చూడండి. ఏడాది క్రితం ఎంత ఉండేవారో షుగరు డాక్టరు పాత చీటీల మీద వెతకండి, పేరు, వయసు పక్కనే చాలామంది బరువు కూడా రాస్తారు. తగ్గాలని ప్రయత్నించకుండానే ఆరు నెలలు, ఏడాది లోపల ఒంటి బరువులో 5 శాతం పోయిందంటే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గాడంటే, మేము దాన్ని తేలిగ్గా తీసుకోము. షుగరు అదుపు తప్పడం వల్ల తగ్గి ఉండవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొన్ని షుగరు మాత్రలే బరువు తగ్గిస్తాయి. అయితే జీర్ణాశయంలోనో క్లోమంలోనో (పాంక్రియాస్) పుండు, గడ్డ ఉన్నా తగ్గుతుంది. ఏళ్ల తరబడి అదుపులో ఉన్న షుగరు ఉన్నట్టుండి పెరిగి, దానితోపాటు బరువు తగ్గితే క్లోమం వైపు కూడా చూడాలి. భయపెట్టడానికి చెప్పడం లేదు. బుధవారం డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మీ నోటి నుంచి మొదట రావలసిన వాక్యం ఇదేనని చెబుతున్నాను.

పోయిన ఏడాది ఒక పెద్దమనిషి వచ్చారు. ఎనిమిది నెలలుగా గ్యాస్ అన్నారు. తిండి బాగానే తింటున్నానన్నారు, బరువు తగ్గలేదన్నారు. పరీక్ష బల్ల మీద పడుకోవడానికి బెల్టు తీస్తుంటే చూశాను. కంపెనీ వేసిన రంధ్రాలు అయిదు. వాటికి ఇవతల, మేకుతో పొడిచిన రంధ్రాలు రెండు, అంచులు చిరిగి ఉన్నాయి. అవి ఎప్పుడు పొడిచారని అడిగితే ఒకటి సంక్రాంతికి, ఇంకొకటి ఉగాదికి అన్నారు. మరుసటి రోజే ఎండోస్కోపీ చేశాం. జీర్ణాశయం కింది భాగంలో క్యాన్సర్ పుండు కనబడింది. ఆపరేషనుకు లొంగే దశలోనే దొరికింది. ఆయన అబద్ధం చెప్పలేదు. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి తన మార్పు తెలియదు, అంతే. అందుకే ఇంట్లోవాళ్లు చూసినది కూడా డాక్టరుకు చేరాలి. మీరు వెంట వెళ్లడం చాలా మంచిది.

ఇక ‘గ్యాస్’ సంగతి. ఇరవై రెండేళ్లుగా గ్యాస్ట్రోఎంటరాలజీ ఓపీలో కూర్చుంటున్నాను. తెలుగు రోగి నోట నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ఛాతీలో మంట అయినా గ్యాసే, పుల్లటి త్రేన్పు అయినా గ్యాసే. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయినా, బొడ్డు చుట్టూ మెలిపెట్టినా, వీపులోకి పోటు పాకినా, రెండు రోజులు విరేచనం కాకపోయినా అన్నింటికీ ఒకటే పేరు. ఇవి ఒక్కొక్కటి ఒక్కో అవయవం నుంచి వస్తాయి. మంట ఛాతీలోకి ఎగదన్నుతుంటే అన్నవాహిక వైపు చూస్తాం. కొంచెం తినగానే నిండిపోతే జీర్ణాశయం ఖాళీ కావడం లేదేమోనని అనుమానిస్తాం. పైపొట్టలో కుడివైపు మొదలై భుజం దాకా వెళ్లే నొప్పి, పెళ్లి భోజనం చేసిన రాత్రి వచ్చిందంటే పిత్తాశయంలో (గాల్ బ్లాడరు) రాళ్లు గుర్తుకొస్తాయి. పైపొట్టలోంచి నడుము దాకా దూసుకుపోయే నొప్పి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుందంటే క్లోమం. విరేచనం అయ్యాక తగ్గే నొప్పి పెద్ద పేగుది కావచ్చు. ‘గ్యాస్’ అనగానే ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి. ఓపీలో మీకు దొరికే పది పదిహేను నిమిషాలలో సగం ఆ మాట వెనుక ఏముందో తవ్వడానికే సరిపోతుంది.

అందుకని ఈ వారం రోజులు నాన్నగారి దగ్గర కూర్చుని, ఆ ఒక్క మాట వాడకుండా బాధ ఏమిటో చెప్పమనండి. ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి. అరచేతితో పొట్టంతా తడిమితే ఒక అర్థం, వేలితో ఒకే చోట పొడిచి చూపిస్తే ఇంకో అర్థం. తిన్న వెంటనే వస్తుందా, రెండు మూడు గంటలకు వస్తుందా, ఖాళీ కడుపుతో వచ్చి ఏదైనా తింటే తగ్గుతుందా? నిద్రలోంచి లేపుతుందా? రాత్రి నిద్రలేపే నొప్పి, నిద్రలేపే విరేచనం మాకు చాలా ముఖ్యమైన సంగతులు. పగలంతా బాధపెట్టి రాత్రి హాయిగా నిద్రపోనిచ్చే బాధకూ, వాటికీ తేడా ఉంది. అన్నం ముద్ద గొంతు దిగేటప్పుడు ఛాతీలో ఆగినట్లుంటుందా? నీళ్లు తాగి దించుకుంటున్నారా? ఉంటే ఎన్నాళ్లుగా? మొదట గట్టి పదార్థాలే ఆగి, తరువాత పెరుగన్నం కూడా ఆగడం మొదలైందంటే అది వారం రోజులు కూడా వాయిదా వేయకూడని విషయం. ఇవన్నీ ఒక కాగితం మీద మామూలు మాటలలో, తేదీలతో రాయండి. ఒక్క పేజీ చాలు. ‘జనవరిలో మొదలైంది, మార్చిలో పెరిగింది, మే నుంచి రాత్రుళ్లు కూడా’ అన్న మూడు ముక్కలు నాకు మూడు స్కానింగులంత పని చేస్తాయి.

బుధవారం దాకా ఆగకూడని సందర్భం ఒకటి మీ విషయంలో ప్రత్యేకంగా ఉంది. నాన్నగారికి స్టెంటు ఉంది, షుగరు ఉంది. గుండె కింది గోడకు రక్తం అందనప్పుడు నొప్పి పైపొట్టలోనే వస్తుంది, త్రేన్పులూ వస్తాయి, వాంతి కూడా కావచ్చు. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు కూడా. మెట్లు ఎక్కినప్పుడో, భోజనం చేసి నడిచినప్పుడో ఆ ‘గ్యాస్’ వచ్చి, నిలబడగానే తగ్గుతోందా అని అడగండి. అవునంటే ముందు గుండె డాక్టరు దగ్గరకు వెళ్లండి. చెమటలు, ఆయాసం, ఎడమ చేయి లేదా దవడ లాగడం తోడైతే సోడా తాగించి చూద్దామని కూర్చోకండి. ఎంత రాత్రయినా దగ్గరలో ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గ్యాస్ అని ఇంట్లో వాము నీళ్లు తాగిస్తూ గడిపేసిన గంటలు ఎంత నష్టం చేశాయో మా గుండె విభాగం మిత్రులు చెబుతుంటే విన్నాను, కొన్ని కళ్లారా చూశాను.

అలాగే రక్తపు వాంతి, కాఫీ పొడి రంగులో వాంతి, తారులా నల్లగా జిగురుగా దుర్వాసనతో విరేచనం, కళ్లు తిరిగి పడిపోవడం, పొట్ట రాయిలా బిగిసి ఆగకుండా నొప్పి రావడం, కామెర్లతో పాటు చలిజ్వరం, ఇవేవీ ఓపీ అపాయింట్‌మెంటు కోసం ఆగేవి కావు. నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. అయితే ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు కూడా మలం నల్లగా వస్తుంది. అది తారులా సాగదు, ఆ దుర్వాసనా ఉండదు. అందుకే ఐరన్ మాత్ర వేసుకుంటున్నదీ లేనిదీ కూడా చెప్పాలి.

మందుల దగ్గరకు వచ్చాం కనుక, దీని గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను. రోగులు పెద్ద సంచీలో రిపోర్టులు తెస్తారు, మందులు తీసుకురారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ అయిదేళ్ల స్కానింగు ఫిల్ములన్నీ తెచ్చారు. రక్తం 7 గ్రాములకు పడిపోయి ఉంది. ఏ మందులు వాడుతున్నారమ్మా అంటే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. రెండోసారి అడిగితే అదే జవాబు. చివరికి వాళ్ల కోడలు, ‘ఆ తెల్ల మాత్ర సంగతి చెప్పలేదేం అత్తయ్యా’ అంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర, రోజుకు రెండు, ఏడాదిన్నరగా. ‘అది కాళ్ల మాత్ర కదా బాబూ, కడుపుకు సంబంధం లేదని చెప్పలేదు’ అన్నారావిడ. జీర్ణాశయంలో రెండు పుండ్లు కనబడ్డాయి. ఆ మాత్ర మానేసి, పుండుకు మందు వాడాక కోలుకున్నారు. నొప్పి మాత్రలు ఏ అవయవం కోసం వేసుకున్నా కడుపు లోపలి పొరను దెబ్బతీయగలవు.

మీ నాన్నగారి విషయంలో మందుల జాబితా ఇంకా అవసరం. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే కడుపుబ్బరం, పల్చటి విరేచనాలు దానివల్లే కావచ్చు. ఆ మాత్రలో వోగ్లిబోస్ కూడా కలిసి ఉంటే నిజంగానే గ్యాస్ పుడుతుంది, ఎందుకంటే పిండి పదార్థాన్ని చిన్న పేగులో అరగనీయకుండా పెద్ద పేగుకు పంపడమే ఆ మందు చేసే పని. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఏడాదిగా బాధపడుతున్నదానికి మాత్ర మార్చడమే మందు అయిన రోగులు నాకు చాలామంది ఉన్నారు. కనుక స్ట్రిప్పులన్నీ, సగం వాడినవి కూడా, ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. ఇన్‌హేలరు, చూర్ణం, కషాయం, కండల పొడి, మలబద్ధకానికి వాడే ఆకుపొడి, ఏదీ వదలకండి.

ఆకుమందుల గురించి అడిగితే తిడతామని దాచేస్తారు. తిట్టము. తెలియాలి, అంతే. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ విపరీతంగా వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. మన ఊళ్లలో కామెర్లకు పసరు తాగించడం, చేతి మీద వాత పెట్టించడం ఇప్పటికీ ఉంది. హెపటైటిస్-ఏ వంటి వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి, పేరు పసరుకు వస్తుంది. కానీ కామెర్లతో పాటు ఒళ్లంతా దురద, ముదురు పసుపు మూత్రం, సున్నం కలిపినట్లు తెల్లటి మలం ఉన్నాయంటే పైత్యరసం దారి మూసుకుపోయి ఉండవచ్చని అర్థం. రాయి అడ్డుపడి ఉండవచ్చు, గడ్డ కావచ్చు. ఆ మనిషి పసరుతో రెండు నెలలు గడిపి వస్తే మేము చేయగలిగింది తగ్గిపోతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కొన్ని ముఖాలు గుర్తొస్తున్నాయి.

మద్యం సంగతి దాచేవాళ్లు మరీ ఎక్కువ. ‘అప్పుడప్పుడు’ అంటారు. రోజుకో క్వార్టరు తాగేవారికి కూడా అది అప్పుడప్పుడే. 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. రోజూ అంత ఏళ్ల తరబడి తాగితే కాలేయం దెబ్బతినడానికి అది చాలు. కల్లు, బీరు కూడా లెక్కలోకే వస్తాయి. ఎన్నేళ్లుగా, వారానికి ఎన్ని రోజులు, ఎంత, చివరిసారి ఎప్పుడు అన్న నాలుగూ కావాలి. పిల్లల ముందు నాన్నగారు చెప్పలేకపోతే, ఒక్క నిమిషం మీరే బయటకు వచ్చేయండి. అడగకముందే లేచి వెళ్లిన కొడుకులను, కూతుళ్లను చూశాను. ఆ నిమిషంలోనే అసలు సంగతి బయటపడుతుంది. బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీలకూ ఇదే మాట.

మలం గురించి మాట్లాడటానికి మొహమాటపడకండి. మాకు అది రోజూ మాట్లాడే విషయం. బ్రిస్టల్ చార్టు అని మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలతో చూపే పట్టిక ఒకటుంది, 1997లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వైద్యులు ప్రచురించారు. మేకపెంటికల్లా గట్టిగా ఉంటే మొదటి రకం, పూర్తిగా నీళ్లలా ఉంటే ఏడో రకం. ఫోనులో ఆ బొమ్మ చూపిస్తే నాన్నగారు వేలు పెట్టి చూపిస్తారు, మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు. జిగట, చీము, రక్తం పడితే ఎన్నాళ్లుగానో చెప్పండి. రక్తం పడగానే ‘మొలలు’ అని తేల్చుకుని నాటు వైద్యుడి దగ్గర ఇంజెక్షను చేయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నొప్పి లేకుండా బొట్లుబొట్లుగా పడితే మొలలు కావచ్చు. విరేచనానికి కూర్చుంటే కత్తితో కోసినట్లుంటే మలద్వారంలో చీలిక కావచ్చు. పురీషనాళంలో గడ్డ ఉన్నా రక్తమే పడుతుంది. తేడా తెలియాలంటే డాక్టరు చేతికి గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేయాలి. ఒక్క నిమిషం పని. ఆడవాళ్లు మహిళా నర్సును పక్కన ఉండమని అడగవచ్చు, అడగాలి కూడా. ఆ పరీక్ష వద్దని లేచి వెళ్లిపోయి, ఏడాది తరువాత ముదిరిన జబ్బుతో తిరిగి వచ్చిన మనిషిని మరిచిపోలేను.

కుటుంబంలో ఎవరికైనా పెద్దపేగు, జీర్ణాశయ క్యాన్సర్లు, కాలేయం జబ్బు, హెపటైటిస్-బి ఉన్నాయేమో కనుక్కోండి. తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఒకరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మిగతావాళ్లు 40 ఏళ్లకు, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పుడు పెద్దపేగు పరీక్ష మొదలుపెట్టాలి. ‘పెదనాన్న కడుపులో గడ్డతో పోయారు’ అన్న అస్పష్టమైన మాట అయినా సరే, చెప్పండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. ముందే ఎండోస్కోపీ చేయించుకుని వెళ్లవద్దు. కారణాలున్నాయి. పాంటోప్రజోల్ లాంటి మందు వాడుతుండగా పరీక్ష చేస్తే కొన్ని పుండ్లు సగం మాని కనబడతాయి, హెలికోబ్యాక్టర్ పైలోరీ పరీక్ష తప్పుగా ‘లేదు’ అని రావచ్చు. అల్సరుకు ముఖ్య కారణమైన ఈ బాక్టీరియాను ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నారు. కారం, కంగారు వల్లే అల్సరు వస్తుందని లోకమంతా నమ్ముతున్న 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు అది రెండు వారాల మందులతో పోయే జబ్బు. కానీ పరీక్ష నిక్కచ్చిగా రావాలంటే పాంటోప్రజోల్ రకం మందులు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆపాలి. మీ నాన్నగారు మాత్రం సొంతంగా ఆపకూడదు. స్టెంటు కోసం రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే కడుపులో రక్తస్రావం కాకుండా ఈ పాంటోప్రజోలే కాపాడుతూ ఉండవచ్చు. మెడికల్ షాపులో పాంటోప్రజోల్ లేదని ఒమెప్రజోల్ ఇస్తే తీసుకోకండి, అది క్లోపిడోగ్రెల్ పనితనాన్ని తగ్గిస్తుంది. ఇంకో సంగతి, ఆ మాత్రను ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. భోజనం అయ్యాక వేసుకుని పనిచేయడం లేదనేవారు చాలామంది.

రక్తం పలచబరిచే మందులను కూడా ఎండోస్కోపీ కోసమని మీ అంతట మీరు ఆపకండి. మామూలుగా చూసి, చిన్న ముక్క తీసే పరీక్షకు చాలావరకు ఆపనవసరం లేదు. పెద్ద పాలిప్ (లోపలి పొర మీద పెరిగే కండ) కోసి తీయాలంటే ఆపవలసి రావచ్చు, అప్పుడు గ్యాస్ట్రో డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. స్టెంటు వేసిన తేదీ, ఏ రకం స్టెంటో రాసి ఉన్న డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్లండి.

స్కానింగు కూడా డాక్టరు చూశాకే చేయించుకోండి. అల్ట్రాసౌండుకు కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనబడతాయి. జీర్ణాశయం లోపలి పొర, పేగు లోపలి పుండు కనబడవు. ‘స్కానింగు నార్మల్’ అని ధైర్యపడి ఆరు నెలలు ఆగినవాళ్లున్నారు. దానికి వ్యతిరేకంగా, ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’ (కాలేయంలో కొవ్వు చేరడం) అన్న మాట చూసి నిద్ర మానుకున్నవాళ్లూ ఉన్నారు. బొజ్జ, షుగరు ఉన్నవాళ్లలో అది చాలా మామూలుగా కనబడుతుంది. ఆ పడిన కొవ్వు కాలేయాన్ని గట్టిపరుస్తోందా లేదా అన్నదే చూసుకోవలసింది. దానికి ఫైబ్రోస్కాన్ అనే పరీక్ష ఉంది, మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. మందుల కన్నా బరువు 7 నుంచి 10 శాతం తగ్గడం వల్ల జరిగే మేలు ఎక్కువ. మీ నాన్నగారు అనుకోకుండా తగ్గిన బరువు ఈ లెక్కలోకి రాదు.

కొత్త పరీక్షలకు ముందు పాత రిపోర్టులు వెతకండి. గత రెండేళ్లలో చేయించిన హిమోగ్లోబిన్, కాలేయ పరీక్ష, మూడు నెలల షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తేదీ వరుసలో పెట్టండి. అడుగున పాతది, పైన కొత్తది. హిమోగ్లోబిన్ 14 నుంచి 12కు, అక్కడి నుంచి 10.5కు జారి ఉంటే ఏ ఒక్క రిపోర్టూ భయపెట్టదు, వరుసలో చూస్తేనే తెలుస్తుంది. 58 ఏళ్ల మగవాడికి రక్తం తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందేమో వెతకాలి. ఐరన్ మాత్రలు రాసి పంపేయకూడదు. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మీరు చెప్పిన వయసు, బరువు తగ్గడం చూస్తే డాక్టరు ఎండోస్కోపీ చేయిద్దామనే అంటారని నా అంచనా. అందుకని దాని గురించి కొంత. గొంతులో మొద్దుబార్చే మందు కొడతారు. ఎడమవైపు తిరిగి పడుకోబెడతారు, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. చిటికెన వేలంత లావు గొట్టం. అయిదు నుంచి పది నిమిషాలలో అయిపోతుంది. వాంతి వచ్చినట్లుంటుంది, ఊపిరి మాత్రం ఆగదు, గాలి దారి వేరు. ముక్కుతో నిదానంగా గాలి పీలుస్తూ, ఉమ్మిని మింగకుండా చెంప మీదుగా కారనిస్తే చాలా తేలిక. భయమైతే మత్తు మందు ఇస్తారు. మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకూడదు, ముఖ్యమైన సంతకాలు పెట్టకూడదు, వెంట ఒకరు ఉండాలి. ఆరు గంటల ముందు నుంచి ఘనాహారం మానాలి. కాఫీ, పాలు కూడా ఆహారమే. షుగరు ఉన్నవారికి ఉదయం మొదటి సమయం అడగండి. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని పస్తుంటే షుగరు పడిపోతుంది. కనుక ఆ రోజు ఏది మానాలో, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో ముందు రోజే ఆసుపత్రికి ఫోను చేసి అడిగి రాసుకోండి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ రకం ఇంజెక్షన్లు వాడుతుంటే కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అది తప్పక చెప్పాలి.

కొలనోస్కోపీ (పెద్దపేగును గొట్టంతో చూసే పరీక్ష) కూడా కావాలన్నారంటే పరీక్ష కన్నా ముందు రోజే కష్టం. పేగు శుభ్రం చేసే మందు సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగమంటారు. రుచి బాగుండదు. చల్లగా చేసి, నెమ్మదిగా తాగితే దిగుతుంది. చివరికి విరేచనం లేత పసుపు నీళ్లలా, అడుగు కనబడేంత తేటగా రావాలి. రాకపోతే పరీక్షకు ముందే చెప్పండి. శుభ్రం కాని పేగులో చిన్న పాలిప్‌లు మలం కింద దాక్కుంటాయి, పరీక్ష మళ్లీ చేయవలసి వస్తుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, టమాటా, గింజలున్నవి మానాలి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమంటారు.

అన్ని పరీక్షలూ బాగున్నాయని వస్తే ‘నాకేమీ లేదంటున్నారు’ అని డాక్టరును మార్చేయకండి. పేగు కదలికల్లో, పేగుకూ మెదడుకూ మధ్య సంకేతాల్లో తేడా వచ్చే జబ్బులు గొట్టానికీ, స్కానింగుకూ కనబడవు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనేది అలాంటిదే. బాధ నిజమైనదే, మందులూ ఉన్నాయి. కొన్నిసార్లు మనసుకు పనిచేసే మాత్రను తక్కువ మోతాదులో ఇస్తాం. షాపులో ‘ఇది పిచ్చికి వాడే మందు’ అన్నారని పారేయకండి. పేగు నరాలను శాంతపరచడానికి అది ఇస్తాం. ఎందుకు ఇస్తున్నారని ఆ డాక్టరునే అడగండి.

నిజానికి బయటకు వచ్చే ముందు అడగవలసినవి మూడే ఉన్నాయి. మీరు ఏ జబ్బును అనుమానిస్తున్నారు, ఈ పరీక్ష వల్ల ఏది తేలుతుంది, ఈ మందు ఎన్నాళ్లు. సమాధానం మీ కాగితం వెనక రాసుకోండి. ఖర్చు గురించి అడగడానికీ సిగ్గుపడకండి. ఈ పరీక్ష ఇప్పుడే అవసరమా, మందు వాడి చూశాక చేయించవచ్చా అని అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్ వంటి చోట్ల ఈ విభాగాలున్నాయి, రద్దీ ఉన్నా పని జరుగుతుంది. హెపటైటిస్-బి, సి బయటపడితే 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సి అయితే చాలామందికి 12 వారాల మాత్రలతో నయమైపోతుంది.

బుధవారం ఎండోస్కోపీలో ముక్క తీశారనుకోండి, దాని ఫలితం అదే రోజు రాదు, కొన్ని రోజులు పడుతుంది. ఆ సీసా మీద నాన్నగారి పేరు సరిగా ఉందో లేదో చూడండి. రిపోర్టు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకోవాలో రసీదు మీద రాయించుకోండి. నొప్పి తగ్గిందని ఆ కాగితం తీసుకోకుండా ఉండిపోయినవాళ్లు ప్రతి నెలా ఉంటారు. మా నర్సులు ఫోన్లు చేస్తారు, కొన్ని నంబర్లు పనిచేయవు. నాన్నగారి నంబరుతో పాటు మీ నంబరు కూడా అక్కడ ఇవ్వండి.